ఎనిమిదో చుక్కని ఎందుకు మార్చాను

ఒకటో రోజు

ముగ్గు మీద చెయ్యి వేసినవాళ్ళు ఎందుకు వేశారో ఏ రోజుకారోజు రాసిపెట్టాలి. ఇది లెక్కింటి నియమం. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఈ నియమం రాసిన నలుగురిలో నేనొకదాన్ని. రాసేటప్పుడు ఇది తక్కినవాళ్ళ కోసం అనుకున్నాను.

పేరు లాస్య. ఒకప్పుడు పడుచుపిల్లల పేరు. ఇప్పుడు ఆ పేరు వింటే జనం లేచి కుర్చీ ఇస్తారు. వయసు డెబ్బై నాలుగు. లెక్కింటి అధికారి మంగతాయారు, ఇరవై ఆరేళ్ళు, నా కూతురి కూతురు. ఈ కాలం ఆడపిల్లలకి ఇలాంటి పేర్లంటే మోజు. అది పుట్టిన రోజునే తల్లి పోయింది. ఏడాది తిరక్కుండా తండ్రి దిబ్బలు వదిలి పైగట్టుకి వెళ్ళి ఇంకో కాపురం పెట్టుకున్నాడు. పెంచింది నేను. ఈ సొద ఇక్కడ అక్కర్లేదు గానీ, సంతకాలు పెట్టేవాళ్ళ మధ్య చుట్టరికం ఉంటే ముందే చెప్పాలని ఇంకో నియమం ఉంది. అదీ నేను రాసిందే.

పొద్దున పడవ దిగి మెట్లెక్కేసరికి మంగ గుమ్మంలో ఉంది.

"మోకాళ్ళెలా ఉన్నాయమ్మమ్మా?"

"రెండూ ఉన్నాయి."

"నిన్ను ఇంత దూరం రప్పించడం నాకిష్టం లేదు. కానీ ఒకే ఫిర్యాదు మూడోసారి వస్తే చుక్కలు రాసిన పూచీదార్లని పిలవాలి. పంతొమ్మిది చుక్కలకి పంతొమ్మిదిమంది. అందులో పద్దెనిమిదిమంది..."

"ఫొటోల్లో ఉన్నారు. మిగిలిన అప్రదిష్ట నేను. పద."

హాలు గోడ మీద ముగ్గు నేను గీసినట్టే ఉంది. సున్నం రెండుసార్లు వేసినా దాని జోలికి పోలేదు. ఎనభై మూడు దిబ్బల మీద నాలుగు వేల పైచిలుకు బావుల్లో దింపిన గుచ్చులు, నీళ్ళలో ఉప్పెంతో పది సెకన్లకోసారి చెబుతాయి. రోజుకి మూడున్నర కోట్ల అంకెలు. అవన్నీ యంత్రంలో ఇదే ముగ్గు ప్రకారం మొదటి చుక్కలో పడి, చుక్కకో పని చొప్పున, ఏరించుకుని, కడిగించుకుని, ఆటుపోట్లతో సరిచూపించుకుని, గీతల వెంట నడిచి పంతొమ్మిదో చుక్క దగ్గర ఒక్క మాటగా బయటికొస్తాయి. ఈ నెల మంచినీళ్ళ పడవ ఏ దిబ్బకి వెళ్ళాలి, ఏ దిబ్బకి అక్కర్లేదు. అంతే. ఉన్నది ఒకటే పెద్దపడవ. నర్సు వెళ్ళేదీ అందులోనే. పడవ వెళ్ళని చోటికి నర్సూ వెళ్ళదు.

ఫిర్యాదు చేసింది నత్తగుల్లల దిబ్బ. ముగ్గు లెక్కన అక్కడి నీళ్ళు కొబ్బరినీళ్ళు.

రెండో రోజు

నత్తగుల్లల దిబ్బ మీద గుచ్చు చూసే మనిషి పేరు నూకరత్నం. రోజూ పొద్దున ఆరింటికి గుచ్చు మీది అంకె చూసి రేడియోలో చెప్పాలి. దానితో గుచ్చు బతికుందని తెలుస్తుంది. మూడు పొద్దులు వరసగా చెప్పకపోతే ఆ దిబ్బ పేరు పడవ జాబితాలోంచే పోతుంది.

"ఎవరండీ మాట్టాడేది? రోజూ ఉండే అమ్మాయిగారి గొంతు కాదే."

"వాళ్ళ అమ్మమ్మని."

"ఆయ్. మూడుసార్లు మొత్తుకుంటే ఇంటి పెద్దోళ్ళని పిలిచారన్నమాట."

"గుచ్చు ఎంత చెబుతోందమ్మా?"

"రెండు పాయింటు నాలుగండి."

లీటరుకి రెండు పాయింట్ నాలుగు గ్రాముల ఉప్పు. ముగ్గులో చూస్తే అదే బావికి సున్నా పాయింట్ ఆరు.

"గుచ్చు పాడైందేమో."

"మరి నా నాలుకా పాడైపోయిందాండి? మా అత్త నాలుకా? పప్పులో ఉప్పెయ్యకుండా పెడితే మా ఆయన ఎక్కువైందని కంచం తోసేశాడండి."

"నాలుక సాక్ష్యం చెల్లదు."

"ఎందుకు చెల్లదండి?"

"ముగ్గు లేని రోజుల్లో, పడవ కోసం గొడవలప్పుడు, ఎనభై మూడు దిబ్బలూ మా నీళ్ళు ఉప్పనే ప్రమాణం చేశాయి. అందులో యాభై దిబ్బలది అబద్ధం."

"అయితే ముప్పై మూడు దిబ్బలది నిజమే కదండీ."

ఆమె ఎంతవరకు చదువుకుందో నాకు తెలియదు. తీసివేత బాగా వచ్చు.

"నీకెన్నో నెల?"

"ఏడు నడుస్తందండి. కాళ్ళు బూరెల్లా పొంగాయి. మా ఆయన చెప్పులేసుకు తిరుగుతున్నాను."

"తలనొప్పి?"

"ఉందండి. మీ ఇంటితో మాట్టాడాక ఎక్కువవుతంది."

నవ్వాల్సిన మాటే. నవ్వు రాలేదు. నాటుపడవ వేసుకుని ఇక్కడికి వచ్చెయ్యమన్నాను. తెడ్డేసుకుంటూ రెండ్రోజులంది. తనూ, తోడుగా అత్తా వచ్చేస్తే ఇక్కడ అంకె చెప్పేదెవరంది. దిబ్బ మీద రెండొందల పన్నెండుమందండి, అంది.

మూడో రోజు

అంకె ఎక్కడ మారిందో పట్టుకోవాలంటే చివరి చుక్క నుంచి వెనక్కి నడవాలి. ఇక్కడి పిల్లలు ముందు నుంచి వెతుకుతారు, సాయంత్రానికి మూడో చుక్క దగ్గర నిద్రపోతారు.

పంతొమ్మిది నుంచి పన్నెండు దాకా బాగున్నాయి. పదకొండో చుక్క రాసినాయనకి, తను రాసింది ఇంకొకళ్ళకి అర్థమైతే పరువు పోతుందని నమ్మకం. మధ్యాహ్నమంతా ఆయన్ని తిట్టుకుంటూ చదివాను. తప్పు లేదు. పోయినాయన్ని అనవసరంగా తిట్టాను. పదో చుక్కలోకి వచ్చేది సున్నా పాయింట్ ఆరు. తొమ్మిదో చుక్కలోకి వచ్చేదీ అంతే. ఎనిమిదో చుక్కలోంచి బయటికొచ్చేది సున్నా పాయింట్ ఆరు. ఎనిమిదో చుక్కలోకి వెళ్ళేది రెండు పాయింట్ నాలుగు.

ఎనిమిదో చుక్క నాది.

ఆ రోజుల్లో గుచ్చులకి గుల్లలు పట్టేవి. పట్టిన గుచ్చు మూడనీ అయిదనీ సంధిమాటలు చెప్పేది. బావినీళ్ళు రెండు దాటడం మాలో ఎవరమూ చూడలేదు. కాబట్టి రెండు దాటిందంటే గుచ్చు పాడైనట్టే అని రాశాను. ఆ అంకె పక్కన పడేసి, ఖాళీలో చుట్టుపక్కల అయిదు బావుల సగటు పెట్టమన్నాను. మీటింగులో చప్పట్లు కొట్టారు.

అంటే నూకరత్నం బావిలో నీళ్ళెలా ఉన్నాయో పక్కవాళ్ళ బావులు చూసి చెబుతున్నాం. పెళ్ళిసంబంధాలకి పనికొచ్చే పద్ధతి.

సముద్రం ఈ ముప్పై ఏళ్ళలో మూడు మైళ్ళు లోపలికొచ్చింది. చుక్క మాత్రం రాసినచోటే ఉంది. ఇవాళ అది పక్కన పడేసిన గుచ్చులెన్నో లెక్కపెట్టాను. మూడు వందల నలభై.

నాలుగో రోజు

మంగకి చెప్పాను. విని, గోడ మీద ఎనిమిదో చుక్క వైపు చూసింది.

"నత్తగుల్లల దిబ్బ గుచ్చుకి మినహాయింపు రాసిస్తాను. నువ్వు సంతకం పెట్టు. రేపు పడవ వెళ్తుంది," అన్నాను.

"మూడొందల నలభై గుచ్చులు తప్పు చెబుతుంటే ఒక్కదానికి మినహాయింపా? మిగతా దిబ్బలవాళ్ళు రేడియోలో సరిగ్గా మొత్తుకోలేదనా?"

"ఆ పిల్లకి ఏడో నెలే."

"మిగతా దిబ్బల మీద కడుపుతో ఎవరూ లేరా అమ్మమ్మా?"

నా పెంపకమే. ఇంకొకళ్ళని అనడానికి లేదు.

చుక్కని మార్చాలంటే పద్ధతి ఒకటే. అది పుట్టిన రోజు నుంచి ఇవాళ్టిదాకా వచ్చిన అంకెలన్నీ కొత్త చుక్కలోంచి మళ్ళీ నడపాలి. తొలి అంకెలు ఏవీ పారెయ్యలేదు, ఏడాదికో పెట్టెలో నేలమాళిగలో ఉన్నాయి. పాత ఫలితం ఎక్కడెక్కడ తప్పిందో ఒక్కో తేడా ఒక్కో వరుసగా రాయాలి. ఏ నెల, ఏ దిబ్బ, వెళ్ళాల్సిన పడవ వెళ్ళలేదని. ఆ నెల ఆ దిబ్బ మీద పోయినవాళ్ళ పేర్లు. ఎవరు దేనివల్ల పోయారని వరుస అనదు. పోయారంటుంది. ఆ వరుసలన్నీ పూచీదారు అన్ని దిబ్బలూ వినేలా రేడియోలో చదవాలి. ఒక్కోదానికి అధికారి "విన్నాం" అనాలి. చివరి వరుస అయ్యాకే కొత్త చుక్క పనిలోకి దిగుతుంది.

"మళ్ళీ నడపడానికి ఎన్నాళ్ళు?" అన్నాను.

"ఎండ బాగా కాస్తే తొమ్మిది రోజులు."

"ఆలోచించి చెబుతాను."

"ఇందులో ఆలోచించడానికేముంది?" అని మంగ వెళ్ళిపోయింది.

చుక్కకి ముప్పై ఒక్క ఏళ్ళు. మంగకి ఇరవై ఆరు. మా అమ్మాయి శ్రావ్య పెళ్ళయి పెదగొల్ల దిబ్బకి కాపురానికి వెళ్ళింది. పురుడు అక్కడే. ఒళ్ళంతా నీరు పట్టి, గుర్రపువాతం కమ్మి, ఫిట్సు మీద ఫిట్సు వచ్చి పోయింది. ఉప్పునీళ్ళు తాగే గర్భిణులకి అది వస్తుందని మాకు అప్పుడూ తెలుసు. పెదగొల్ల దిబ్బ నీళ్ళు మంచివని ముగ్గు చెప్పింది కాబట్టి ఎవరూ అటు చూడలేదు.

వరుసల్లో ఏముంటుందో నాకు తెలియదు. ఉంటే, చదవాల్సింది నేను. విన్నామనాల్సింది మంగ.

సాయంత్రం బియ్యం ఏరాను. రాళ్ళు లేవు. అయినా ఏరాను.

ఆరో రోజు

నిన్న ఏమీ రాయలేదు. కారణం, ఏమీ చెయ్యలేదు.

ఇవాళ ఆరింటికి నత్తగుల్లల దిబ్బ నుంచి రెండు పాయింట్ అయిదన్నారు. గొంతు వేరే.

"నూకరత్నం ఏదమ్మా?"

"పక్కనే ఉన్నానండి. మా అత్తండి చదివింది. నాకు కళ్ళ ముందర మిణుగురుల్లా తిరుగుతున్నాయండి, అంకె ఆనట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచండి."

మొన్న నేను బియ్యం ఏరుతున్నాను.

"వాననీళ్ళేమైనా మిగిలాయా?"

"గోళెం అడుగున ఉన్నాయండి. పిల్లలకి తాగిస్తున్నాం."

"నువ్వు తాగు."

"నాలుగిళ్ళ పిల్లలండి, మామ్మగారూ."

"తాగమన్నానా? ఎడంపక్కకి తిరిగి పడుకో. పది రోజులు ఓపిక పట్టగలవా?"

"నన్నడుగుతారేంటండి. లోపలున్నదాన్నడగాలి."

మంగని పిలిచి నడపమన్నాను. మొన్న ఎందుకు చెప్పలేదని అది అడగలేదు. నేలమాళిగ తాళాలు తెచ్చుకోవడానికి వెళ్ళింది.

ఎనిమిదో రోజు

పని బాగా ఉంది. గంటకోసారి మేడెక్కి తాళ్ళు లాగి కరెంటు పలకల్ని ఎండవైపు తిప్పాలి. యంత్రం వేడెక్కకుండా కిటికీలకి గోనెపట్టాలు కట్టి తడపాలి. పెట్టె మోసుకొచ్చి, మూత మీద రాసిన మొత్తమూ లోపలి అంకెల మొత్తమూ ఒకటేనా కాదా చూసి, సరిపోతే ఎక్కించాలి. సరిపోకపోతే ఆ పెట్టె చెడిపోయినట్టు. దాన్ని వదిలేసి తర్వాతి ఏడాదికి వెళ్ళిపోవచ్చు. నియమం ఒప్పుకుంటుంది.

మధ్యాహ్నం మంగ అయిదో పెట్టె బల్ల మీద పెట్టి గోనెపట్టాలు తడపడానికి వెళ్ళింది. పావుగంట పని.

మూత మీది అంకెలు నా దస్తూరీ. ఆ ఏడాది పెట్టె మూసింది నేనే. ఒక్క సున్నాని ఎనిమిది చేస్తే చాలు. కలం నా చేతిలోనే ఉంది, ఇదే కలం. బల్ల నాకు నాలుగడుగుల దూరం.

దిద్దలేదు. మంచితనం అని ఎవరూ రాసుకోకండి. కుర్చీలోంచి లేవడానికి కాళ్ళు రాలేదు.

మంగ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అయిదోది ఎక్కిస్తున్నానమ్మమ్మా."

"ఎక్కించు."

"నేను పుట్టిన ఏడు."

"తెలుసు."

"మొత్తం సరిపోయింది."

"సరే."

పదమూడో రోజు

రెండు పూటలు మబ్బు. ఇరవై నాలుగో పెట్టె నడుస్తోంది. పక్కనుంచి చూస్తే వరుసలు ఒక్కోటీ కాగితం మీద పడడం కనిపిస్తుంది. నేను వీపు అటు పెట్టి కూర్చుంటున్నాను.

నత్తగుల్లల దిబ్బ, రెండు పాయింట్ ఆరు. అత్తగారి గొంతు. నూకరత్నం మాట్లాడుతుందా అంటే, పడుకుందండి అంది. ఏమన్నా చెప్పమందా అన్నాను. "మీ ముగ్గు ఇంకా ఎండలేదా అని అడగమందండి," అంది.

పదహారో రోజు

వరుసలు పదమూడు వందల పన్నెండు.

సరంగు యేసుపాదం పీపాలన్నీ నింపుకుని, నర్సుని కూర్చోబెట్టుకుని, రేవులో తయారుగా ఉన్నాడు. "చివరి విన్నాం వినపడగానే తాడు విప్పేస్తాను. మీరు మట్టుకు మధ్యలో ఉపన్యాసాలు పెట్టకండి మామ్మగారూ," అన్నాడు.

ఆరున్నరకి మొదలుపెట్టాను. తొలి ఏళ్ళ వరుసలు తక్కువ. పేర్లు ఉన్న వరుసలు ఇంకా తక్కువ. మంగ నా ఎదురుగా కూర్చుని ఒక్కోదానికీ విన్నాం, విన్నాం అంటోంది.

"నలభై ఒకటి. అయిదో ఏడు, శ్రావణం. పెదగొల్ల దిబ్బ. ముగ్గు చెప్పింది సున్నా పాయింట్ ఏడు. గుచ్చు చెప్పింది రెండు పాయింట్ మూడు. పడవ వెళ్ళాలి, వెళ్ళలేదు. ఆ నెల పోయినవాళ్ళు ఒకరు. శ్రావ్య, ఇరవై నాలుగేళ్ళు, కాన్పులో."

ఈ వరుస వస్తే తాగాలని పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టుకున్నాను. తాగే పని పడలేదు.

మంగ విన్నామనలేదు.

రేడియో గరగరలాడుతోంది. ఎనభై మూడు దిబ్బలవాళ్ళు వింటున్నారు. మంగ కాగితం వైపు చూడడం లేదు, నా వైపూ చూడడం లేదు, గ్లాసు వైపు చూస్తోంది. అది విన్నామనకపోతే నేను నలభై రెండు చదవకూడదు. ఎంతసేపో తెలియదు. గడియారం నా వెనక గోడకుంది. నత్తగుల్లల దిబ్బ మీద ఎవరో మైకు కట్టెయ్యడం మర్చిపోయినట్టున్నారు. అత్తగారి గొంతు వినిపించింది. "ఆపేశారేంటే? అయిపోయిందా? పడవొస్తదా?"

"విన్నాం," అంది మంగ. తర్వాత నియమంలో లేని మాట అంది. "ఆపకు."

ఆపలేదు. ఇంకా పన్నెండు వందల డెబ్బై ఒక్క వరుసలున్నాయి. కొన్నింట్లో ఎనిమిదేసి పేర్లు, తొమ్మిదేసి పేర్లు. ఆడవాళ్ళే ఎక్కువ. అన్నీ ఒకే గొంతుతో చదివాను. నాకు ఇంకో గొంతు దొరకలేదు.

ఒంటిగంటన్నరకి చివరి విన్నాం. కిటికీలోంచి చూశాను. యేసుపాదం తాడు విప్పాడు.

పద్దెనిమిదో రోజు

ఎనిమిదో చుక్క కొత్తది పనిచేస్తోంది. నత్తగుల్లల దిబ్బకి గుచ్చు రెండు పాయింట్ ఆరు, ముగ్గు రెండు పాయింట్ ఆరు. ఈ నెల పడవ జాబితాలో మొన్నటిదాకా పద్నాలుగు దిబ్బలు. ఇవాళ నలభై ఒకటి. పడవ ఒకటే. ఆ తలనొప్పి మంగది.

పడవ నిన్న సాయంత్రం చేరింది. నర్సు ఇవాళ రేడియోలో చెప్పింది, నూకరత్నం రక్తపోటు నూట డెబ్బై మీద నూట పది, సూది వేశారు, పైగట్టు ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. అత్తగారు తోడు వెళ్తోంది. మొగుడు తెల్లారకుండా వేటకి పోతాడు, ఆరింటికి ఒడ్డున ఉండడు.

నూకరత్నం మైకు అడిగి తీసుకుంది. గొంతు సన్నగా ఉంది.

"మామ్మగారూ, రేపటికి అంకె చెప్పేవాళ్ళు లేరండి. మా ఇంట్లో తప్ప దిబ్బ మీద ఇంకెవరికీ అంకెలు రావండి. మూడు పొద్దులైతే మా దిబ్బ తీసేస్తారండి."

"ఎల్లుండికి నేనొస్తాను. నేను చెబుతాను."

"మీకు మెట్లెక్కడమే రాదటండి."

"మీ దిబ్బ మీద మెట్లున్నాయా?"

"లేవండి."

"మరింకేం. పడుకో."

పంతొమ్మిదో రోజు

పైగట్టు నుంచి కబురు. నూకరత్నానికి పొద్దున ఆపరేషన్ చేశారు. ఫిట్సు రాలేదు. ఆడపిల్ల, కిలోన్నరకి కాస్త తక్కువ, అద్దాల పెట్టెలో ఉంచారు. పిల్ల సంగతి పది రోజులు గడిస్తే గాని చెప్పలేమన్నారు. తల్లి బతుకుతుంది.

ఈ మాట విన్నప్పుడు నాకు ఏదో అనిపించాలి. అన్నం వండాను.

నా సామాను ఒక సంచీ. తాగేనీళ్ళు వెంట తీసుకెళ్ళనన్నాను, దిబ్బ మీద అందరూ ఏవి తాగితే అవే తాగుతానని. డెబ్బై నాలుగేళ్ళకి వచ్చేది ఏదో ఒకటి ఎలాగూ వస్తుంది. మంగ రేవుదాకా వచ్చింది. వరుసలు చదివినప్పట్నుంచి అది నాతో చుక్కల సంగతి తప్ప మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. పొద్దున్నే వాళ్ళని పైగట్టులో దింపి తిరిగొచ్చిన యేసుపాదం పడవ తోసుకుని మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డాడు.

"అమ్మ నీకెప్పుడైనా చెప్పిందా?" అంది మంగ. "అక్కడి నీళ్ళు ఉప్పగా ఉన్నాయని."

"చెప్పింది."

"నువ్వేమన్నావు?"

"కడుపుతో ఉన్నప్పుడు నోరు అలాగే ఉంటుందిలే అన్నాను."

యేసుపాదం అటు తిరిగి తెడ్డు సరిచేసుకున్నాడు. మంగ నా చేతిలో సంచీ తీసుకుని, నీళ్ళలోకి దిగి, పడవలో తడి లేని చోటు చూసి పెట్టింది.

"ఎల్లుండి ఆరింటికి రేడియో దగ్గర నేనే కూర్చుంటాను," అంది. "ఆలస్యం చెయ్యకు."

చెయ్యనన్నాను.